ఉన్నంతవరకే గీయాలి: ఇబ్రహీం కులీ సమాధి నీటిరంగుల చిత్రం, ఒక కేస్ స్టడీ

ఈ కేసులో నేను నీటిరంగుల్లో గీయాల్సిన కట్టడం గోల్కొండ కోటకు దగ్గర్లో, కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఉన్న ఇబ్రహీం కులీ కుతుబ్‌షా సమాధి. గీయించుకున్నది ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్. అమెరికాలో ఉంటున్న కొడుకు కొత్త ఇంటి హాల్లో పెట్టడానికి ఫుల్ షీట్ సైజులో, అంటే 56 బై 76 సెంటీమీటర్లలో, ఒక బొమ్మ కావాలన్నారు. హైదరాబాద్ అనగానే ఎక్కువమంది చార్మినార్ అడుగుతారు. ఆవిడ మాత్రం "మల్కిభరాముడి సమాధి వెయ్యి బాబూ" అన్నారు. తెలుగు కవులు ఇబ్రహీంను పిలుచుకున్న పేరది.

ఆ కోరికకు కారణం ఉంది. ఇబ్రహీం 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. గద్దెనెక్కక ముందు అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం వెళ్లి, అళియ రామరాయల కొలువులో ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆవిడ సర్వీసంతా ఆ కాలపు పద్యాలు పాఠం చెప్పినవారు. కొడుకు ఇంట్లో ఆ రాజు గుర్తు ఒకటి ఉండాలనుకున్నారు.

అంతవరకు నాకు ఇబ్బంది లేదు. తర్వాత ఆవిడ అన్న మాట దగ్గరే ఈ కేసు మొదలైంది. "ఒకప్పుడు ఆ గోడలంతా రంగురంగుల టైల్సేనట కదా. ఇప్పుడు ఊడిపోయాయి. నువ్వు మాత్రం నిండుగా వేసెయ్యి, అప్పట్లో ఎలా ఉండేదో అలా."

పాత కట్టడాలు గీసే ప్రతి ఒక్కరికీ ఈ కోరిక ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. కరెంటు వైర్లు తీసేయమంటారు, పగుళ్లు పూడ్చమంటారు, మినారు మీద మొలిచిన రావిమొక్కను మాయం చేయమంటారు. వైర్ల విషయంలో నాకు పట్టింపు లేదు. అవి కట్టడంలో భాగం కావు కాబట్టి తీసేస్తాను. లేనిదాన్ని కట్టడానికి చేర్చమంటేనే పేచీ.

గోడ మీద నిజంగా ఏముంది

ఇబ్రహీం సమాధి చతురస్రపు కట్టడం, పైన గుమ్మటం. లోపలి గదిలో రెండు గోరీలు, బయట అరుగు మీద 16 గోరీలు ఉన్నాయి. ఒకప్పుడు కట్టడమంతా టైల్స్ ఉండేవని చెప్పడానికి మిగిలిన ఆనవాళ్లు దక్షిణపు గోడ మీదే కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే గార మీద ఏదో మరక అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తేనే అవి నీలం, ఆకుపచ్చ ఛాయలున్న ముక్కలని తెలుస్తుంది. మిగతా గోడంతా సున్నపు గచ్చే.

ఈ సున్నం సంగతి తెలియకుండా ఇక్కడ బ్రష్ పట్టుకోవడం దండగ. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ తోటలో పెద్ద ఎత్తున పరిరక్షణ పనులు మొదలుపెట్టాయి. గత శతాబ్దంలో రిపేర్ల పేరుతో పూసిన సిమెంటును గీకి తీసి, పాత పద్ధతిలో సున్నం పూశారు. నానబెట్టి గానుగ పట్టిన సున్నం, ఇసుక, బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపి చేసే పని అది. సున్నం పని చేసే ఒక మేస్త్రీ నాకు రెండు ముక్కల్లో తేల్చేశాడు: "సిమెంట్ గోడను ఊపిరి తీస్కోనియ్యది అన్నా. లోపలి తడి లోపల్నే ఉంటది, గోడ కుళ్లుతది. సున్నం ఐతే తడి బయటికి పోతది."

రంగులు కలిపేవాడికి ఈ తేడా కంటికే తెలుస్తుంది. సిమెంటు బూడిదరంగు ఎండలోనూ చల్లగా, చదునుగా ఉంటుంది. సున్నం ఎండలో లేత తేనెరంగుకు తిరుగుతుంది, నీడలో నీలం పట్టుకుంటుంది. అదే వానాకాలం తర్వాత గుమ్మటం అంచుల నుంచి నల్లటి చారలు కిందికి దిగుతాయి. అది మురికి కాదు, తడి సున్నం మీద పెరిగే సన్నటి నాచు ఎండి నల్లబడడం. ఏ నెలలో గీశామో ఆ చారలను బట్టి చెప్పేయొచ్చు.

ఏ నెల, ఏ పూట

దక్షిణపు గోడ గీయాలంటే ముందు సూర్యుడి లెక్క చూసుకోవాలి. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఎండాకాలం చివర్లో, వానాకాలం మొదట్లో మధ్యాహ్నం పూట ఈ గోడ మీద ఎండే పడదు. డిసెంబరులో లెక్క తిరగబడుతుంది. సూర్యుడు ఆగ్నేయంలో పొడిచి, దక్షిణం వైపు వంగి నడుస్తాడు. మధ్యాహ్నం కూడా దాదాపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పొద్దున పూట వెలుగు గోడను ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది. కమాను అంచులు, గారలో చెక్కిన పూలు, ఊడిపోయిన టైల్ వదిలిన గుంట, అన్నీ నీడలతో లేచి కనిపిస్తాయి. మిగిలిన టైల్ ముక్కలు తళుక్కుమనేది కూడా ఆ వెలుగులోనే.

అందుకే పని డిసెంబరుకు పెట్టుకుందామన్నాను. ఆవిడకు సంక్రాంతికి కొడుకు వచ్చినప్పుడు ఇచ్చేయాలని ఉంది. అది కుదరదని, ఫిబ్రవరికి ఇస్తానని మొదటే చెప్పేశాను. పని ఒప్పుకునేటప్పుడు గడువు గురించి మెత్తబడితే తర్వాత టెన్షన్ పడాల్సింది మనమే.

కోణం కోసం తోటలో చాలాసేపు తిరిగాను. ఎదురుగా నిలబడి గీస్తే కట్టడం నక్షాలా చదునుగా వస్తుంది. మరీ మూలకు వెళ్తే దక్షిణపు గోడ కుంచించుకుపోయి టైల్స్ కనపడవు. ఆగ్నేయం వైపు నుంచి చూస్తే దక్షిణపు గోడ వెడల్పుగా ఎండలో, తూర్పు గోడ సన్నగా పక్కకు ఒదిగి కనిపించే చోటొకటి దొరికింది. నేను చేత్తో గీసేది కూర్చునే. కూర్చుంటే కంటిమట్టం తగ్గుతుంది, కట్టడం లేచి నిలబడుతుంది. సమాధి ఎత్తైన అరుగు మీద ఉంది కాబట్టి అరుగు పైభాగం కనపడదు, గోరీల తలలు మాత్రమే అంచు మీద కనిపిస్తాయి. అది నాకు నచ్చింది. రాజు పక్కన ఇంకెందరో పడుకుని ఉన్నారని చూసేవాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది.

పెన్సిల్ పని

బొమ్మ బాగుందా లేదా అన్నది రంగు వేయకముందే తేలిపోతుంది. నేను చాలాకాలం ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కట్టబోయే ఇళ్లకు చేత్తో పెర్‌స్పెక్టివ్ గీసి, నీటిరంగులు వేసి క్లయింట్లకు చూపించేవాళ్లం. త్రీడీ సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఆ పని పోయింది. అక్కడ నేర్చిన గీత మాత్రం ఇప్పుడు అన్నం పెడుతోంది.

కుతుబ్‌షాహీ గుమ్మటం గీయడం పైకి తేలిగ్గా కనిపిస్తుంది. అది సగం బంతి కాదు. అడుగున కాస్త లోపలికి నొక్కుకుని, నడుములో ఉబ్బి, పైన మొనదేలుతుంది. అడుగున పద్మదళాల వరుస ఉంటుంది, ఆ రేకుల్లోంచి గుమ్మటం విచ్చుకున్నట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. రేకులన్నీ ఒకే వెడల్పులో గీస్తారు. అవి గుండ్రంగా తిరిగిపోతున్నాయి కాబట్టి నడిమి రేకు పూర్తి వెడల్పులో కనిపిస్తే, పక్కలకు వెళ్లేకొద్దీ సన్నబడి, చివరి రేకు కత్తి అంచులా మిగలాలి. అందుకే ముందు అడుగున ఒక దీర్ఘవృత్తం గీసుకుని, దాని కింద పూర్తి వృత్తంలో సగం వేసి, దాన్ని సమభాగాలు చేసి, ఆ గుర్తులను నిలువుగా పైకి తీసుకెళ్తాను. పాత డ్రాయింగ్ బోర్డు పద్ధతే. ఇది చేశాక గుమ్మటానికి రంగు వేయకపోయినా గుండ్రంగానే కనిపిస్తుంది.

సైట్లో పావు షీట్ల మీద వెలుగు, రంగు, కొలతల నోట్సు తీసుకుని, పెద్ద బొమ్మ ఇంట్లో బల్ల మీద వేశాను. ఫుల్ షీట్‌తో ఎండలో కూర్చుంటే వాష్, అంటే నీళ్లలో పల్చగా కలిపి పరిచే రంగు పూత, సగం దూరం వెళ్లేసరికి ఆరిపోతుంది. చలికాలంలోనూ ఇక్కడి గాలి పొడిగానే ఉంటుంది. కాగితం వంద శాతం కాటన్, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండే రకం. తడిపి, బోర్డుకు గమ్ టేపుతో నాలుగువైపులా అంటించి, ఆరాకే గీత మొదలుపెట్టాను. అలా చేయకపోతే పెద్ద వాష్‌కు 300 జీఎస్ఎం కాగితం ఉబ్బి, గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. 640 జీఎస్ఎం అయితే ఈ బాధ లేదు, కానీ ధర భరించాలి.

బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు ఎందుకు వెళ్లాను

ఆవిడ కోరిక ఊరికే కొట్టిపారేయడం మర్యాద కాదు. నిండుగా టైల్స్ వేయడానికి ఏదైనా ఆధారం దొరుకుతుందేమో చూడాలనుకున్నాను. కుతుబ్‌షాహీల టైల్స్ పని ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి దగ్గరున్న, మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాయే దిక్కు. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ 1590ల్లో కట్టించింది. టైల్స్ పని 1611 నాటిది. నీలం, ఆవపసుపు, తెలుపు ముక్కలు కోసి పేర్చి ఆలంల (మొహర్రంలో ఎత్తే పీర్ల) ఆకారాలు తీర్చారు. ముక్కకు ముక్కకు మధ్య సందు వేలిగోరు కూడా దూరనంత సన్నం.

అక్కడ ఎక్కువసేపు చూసింది గోడ కిందిభాగాన్ని. 1908 మూసీ వరదల్లో నీళ్లు నిలిచి కింద టైల్స్ పాడయ్యాయి. తర్వాత ఆ చోట్ల టైల్స్‌లాగే కనిపించేలా రంగులు వేశారు. పైన నిజం టైల్స్, కింద వాటి బొమ్మ. ఆ రంగు వేసిన చేయి మంచిదే, కానీ పైకి, కిందికి చూపు మారిస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పైభాగంలో ఒక్కో ముక్కకు ఒక్కో వాలు, ఒక్కో మెరుపు. కిందిభాగంలో గీతలున్నాయి, మెరుపు లేదు.

నేను చేయబోయేది కూడా అదే పని అవుతుందని అక్కడ అర్థమైంది. పైగా ఈ టైల్స్ ఇబ్రహీం చనిపోయిన 30 ఏళ్ల తర్వాతివి. అవే తెచ్చి ఆయన సమాధికి అతికిస్తే చూడ్డానికి బాగుంటుంది, నిజం మాత్రం కాదు. ఆ గోడ మీద ఏ నమూనా ఉండేదో మిగిలిన ముక్కలు చెప్పేంత లేవు.

ఆవిడతో మాట్లాడింది

పెన్సిల్ గీత చూపించడానికి వెళ్లినప్పుడు ఈ సంగతంతా చెప్పాను. ఆవిడ ఊరుకోలేదు. "అదేమిటి బాబూ, కవి వర్ణించేటప్పుడు ఉన్నదే వర్ణిస్తాడా? నువ్వూ కళాకారుడివే కదా?" అన్నారు. బలమైన మాటే.

నేను అమరావతి గురించి చెప్పాను. బ్రిటిష్ సర్వేయర్ కల్నల్ కాలిన్ మెకంజీ అమరావతి బౌద్ధ స్తూపాన్ని మొదట చూసింది 18వ శతాబ్దం చివర్లో. తిరిగి 1816లో వచ్చి, తన డ్రాఫ్ట్స్‌మన్లతో శిల్పాలు ఒక్కొక్కటీ గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ రాళ్లలో చాలా ఇప్పుడు లేవు. కొన్ని ఇళ్ల గోడల్లోకి, కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. వాటి గురించి మనకు తెలిసింది ఆ బొమ్మల వల్లే. ఆ గీసినవాళ్లు విరిగిన అంచును విరిగినట్టే గీశారు. పోయిన తలను సొంతంగా పెట్టలేదు. అందుకే ఈరోజు ఏ మ్యూజియంలోని ముక్క ఏ పలకలోదో పోల్చుకోగలుగుతున్నారు. వాళ్లు నిండుగా, అందంగా పూర్తి చేసి ఉంటే ఆ బొమ్మలను ఇప్పుడు ఎవరు నమ్మేవాళ్లు?

కవి వర్ణన చదివినవాళ్లు అది వర్ణన అని తెలిసే చదువుతారు. కట్టడం బొమ్మ చూసినవాళ్లు అది అలాగే ఉందనుకుంటారు. రేపు ఆవిడ మనవరాలు గోల్కొండ వచ్చి గోడ చూస్తే, టైల్స్ ఈ పదేళ్లలోనే ఊడిపోయాయనుకుంటుంది. ఈ మాటకు ఆవిడ కాసేపు ఆలోచించి, "సరే, మరి నా రంగుల సంగతి?" అన్నారు.

అదీ న్యాయమే. ఆవిడకు రంగు కావాలి. ఆ రంగు గోడ మీద ఉంది, దూరం నుంచి కనపడడం లేదు, అంతే. లేనిది కల్పించే బదులు ఉన్నదాని దగ్గరికి వెళ్దామన్నాను. పెద్ద బొమ్మ ఉన్నది ఉన్నట్టు. దానికి జోడీగా అడుగు పొడవున్న ఇంకో షీటు మీద మిగిలిన టైల్ ముక్కలు కొన్ని, నిజం సైజులో. ఆవిడ అయిష్టంగానే ఒప్పుకున్నారు.

రంగు పని

పెద్ద బొమ్మలో తెల్లరంగు వాడలేదు. సున్నపు గోడ వెలుగంతా కాగితానిదే. మొదటి వాష్ రా సియెన్నా అనే పసుపు మట్టిరంగు, చాలా పల్చగా, ఆకాశం తప్ప మొత్తం కాగితం మీద. అది పూర్తిగా ఆరాక నీడలు. నీడకు కోబాల్ట్ బ్లూ, ఎర్రమట్టి ఛాయ ఉన్న బర్న్ట్ సియెన్నా. రెండింటినీ పాలెట్‌లో ఒకటిగా కలిపేస్తే మట్టి అవుతుంది. కాగితం మీద పక్కపక్కన తడిగా పెట్టి, వాటంతట అవే కలిసేలా వదిలేయాలి.

కమాను లోపలి నీడ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీడంటే లోపలికి వెళ్లేకొద్దీ నలుపు అనుకుంటారు. ఎండ ముందున్న నేల మీద పడి, అక్కడి నుంచి ఎగిరి కమాను లోపలి పైకప్పుకు తగులుతుంది. అందువల్ల నీడలో పైభాగం వెచ్చగా, కొంచెం నారింజ ఛాయలో ఉంటుంది. మధ్యలో, నేల వెలుగూ ఆకాశపు వెలుగూ అందని చోట మాత్రమే చీకటి. పైనుంచి వాష్ మొదలుపెట్టి, మొదట బర్న్ట్ సియెన్నా ఎక్కువ, కిందికి దిగేకొద్దీ బ్లూ పెంచుతూ, ఒక్క దమ్ములో లాగేయాలి. మధ్యలో ఆగితే చార పడుతుంది. ఈ ఒక్క సంగతి సరిగ్గా వస్తే చూసేవాళ్లకు ఎండ వేడి తగులుతుంది. ఫోటో చూసి గీసేవాళ్లకు ఇది దొరకదు, కెమెరా ఆ నీడను నల్లగా మూసేస్తుంది.

టైల్స్ షీటు పద్ధతి వేరు. ప్రతి ముక్క చుట్టూ పొడి కాగితం వదిలి, మెరుపు ఉన్న చోట తాకకుండా, ఆకుపచ్చ వైపు మొగ్గే నీలం థాలో బ్లూ (గ్రీన్ షేడ్)లో కొద్దిగా పసుపు కలిపి వేశాను. థాలో కాగితానికి అంటుకుంటే మళ్లీ తుడిస్తే పోదు. కాబట్టి చుట్టుపక్కల గార, పగుళ్లు, గుంటల నీడలు అన్నీ అయ్యాకే చివర్లో దాని జోలికి వెళ్లాలి. మెరుపులకు మాస్కింగ్ ఫ్లూయిడ్, అంటే రంగు అంటకుండా ముందే పూసి తర్వాత ఒలిచేసే జిగురు, వాడొచ్చు, నేను వాడలేదు. అది వదిలే అంచు కత్తిరించినట్టు ఉంటుంది. టైల్ మీది పాత గ్లేజ్ (గాజు లాంటి పూత) మీద వెలుగు అంచు ఒకవైపు పదునుగా, ఒకవైపు కరిగిపోయినట్టు ఉంటుంది. గ్లేజ్‌లో సన్నటి వెంట్రుకవాసి పగుళ్లుంటాయి, వాటిలో మట్టి చేరి గోధుమరంగు వల అల్లుకుంటుంది. ఆ వల గీయడానికి పట్టిన సమయం పెద్ద బొమ్మలో ఆకాశం, చెట్లు, నేల మొత్తానికీ పట్టలేదు.

డబ్బు, ఫ్రేము, వెనక అట్ట

ఈ వృత్తిలో ఇల్లు గడవాలంటే ఆర్డర్లు మాత్రమే సరిపోవు. వారాంతాల్లో క్లాసులు చెబుతాను, పాత బొమ్మల ప్రింట్లు అమ్ముతాను. ఆర్డర్ డబ్బు మూడు విడతల్లో తీసుకుంటాను: సైట్ పని మొదలయ్యేటప్పుడు ఒకటి, పెన్సిల్ గీత ఒప్పుకున్నాక ఒకటి, బొమ్మ చేతికిచ్చేటప్పుడు ఒకటి. రెండో విడత చాలా ముఖ్యం. రంగు పడ్డాక కోణం మార్చమంటే నీటిరంగుల్లో మార్చడానికేమీ ఉండదు.

రంగులు వెలిసిపోకుండా ఉండడం మన బాధ్యత. పాత అలిజరిన్ క్రిమ్సన్ చూడ్డానికి ఎంత బాగున్నా వెలుగుకు నిలవదు, దాన్ని పాలెట్‌లోకి రానివ్వను. ఫ్రేము అమెరికాలోనే చేయించుకోమన్నాను. యూవీని ఆపే గాజు, యాసిడ్ లేని మౌంట్, బొమ్మకు గాజుకు మధ్య ఖాళీ, ఎండ నేరుగా పడని గోడ, ఈ నాలుగూ రాసిచ్చాను. చుట్టి గొట్టంలో పెట్టలేదు. రెండు గట్టి అట్టల మధ్య పరిచి పంపాం.

రెండు షీట్ల వెనకా పెన్సిల్‌తో రాశాను: ఏ కట్టడం, ఏ వైపు గోడ, ఎటు నుంచి చూసింది, ఏ నెల, ఏ పూట, ఏ రంగులు. గుమ్మటం మీది నల్లచారలు కూడా ఉన్నవి ఉన్నట్టే వేశానని రాశాను. ఎప్పుడైనా ఎవరైనా ఆ గోడ ఈ కాలంలో ఎలా ఉండేదో చూడాలనుకుంటే ఆ నాలుగు లైన్లు లేని బొమ్మ సగమే పనికొస్తుంది.

హాల్లో పెద్ద బొమ్మ పెట్టారు. టైల్స్ షీటు మాత్రం ఆవిడ కొడుక్కి ఇవ్వలేదు, తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ తర్వాత నుంచి ప్రతి ఆర్డర్ కాగితంలో ఒక వాక్యం చేరుస్తున్నాను: గీసే నాటికి కట్టడం ఎలా ఉందో అలాగే గీయబడును, కోరితే మిగిలిన అలంకారపు వివరం నిజం సైజులో వేరే షీటు మీద ఇవ్వబడును. రెండో భాగాన్ని చాలామంది అడిగి చేయించుకుంటున్నారు. ఆవిడే ఈమధ్య ఫోన్ చేసి, అదే రాజు కాలంలో 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్ వేయమన్నారు. దాని కమాన్లు నేల మట్టం నుంచి చూస్తే ఎలా వస్తాయో ఇంకా చూసుకోవాలి, నదిలో నీళ్లు తగ్గాక వెళ్తాను.